అందిందని చెప్పిన సాయంత్రం

సంఘం ఆఫీసు,
జూన్ 3

మేస్త్రీగారికి నమస్కారాలు.

పంతొమ్మిదేళ్ళుగా రోజూ సాయంత్రం ఆరున్నరకి రేడియోలో టిక్కుటిక్కుమని మాట్లాడుకుంటున్నాం గానీ, మీకు కాగితం మీద రాయడం ఇదే మొదటిసారి. కాస్త బెరుగ్గానే ఉంది. మోర్సు కీ మీదైతే చెయ్యి దానంతట అదే పోతుంది. ఇక్కడ పెన్ను అరగంట నుంచీ గాల్లోనే ఉంది.

అసలు సంగతికి వస్తాను. మనం సాయంత్రాలు వాడుకునే బ్యాండుని టెలికాం శాఖవారు ఒక కంపెనీకి ఇచ్చేయాలని చూస్తున్నారు. సరదాకి రేడియో నడిపేవాళ్ళు ఆ తరంగాల్ని పెద్దగా వాడటం లేదనీ, ఊళ్ళల్లో కరెంటు రొద పెరిగిపోయి అక్కడ ఎవరికీ ఏమీ వినపడటం లేదనీ కంపెనీ అర్జీ పెట్టుకుంది. అభ్యంతరం ఉన్నవాళ్ళు ఆగస్టు పదిహేనులోగా ఉత్తరాలు రాయమని శాఖ ప్రకటించింది. మన సంఘం తరఫున ఆ ఉత్తరాలు పోగుచేసే పని నా నెత్తిన పడింది. ముప్ఫై నాలుగేళ్ళు నర్సుగా చేసినదాన్ని కదా, ఎవరిచేతైనా చేదుమందు మింగించగలనని అధ్యక్షుడుగారి నమ్మకం కాబోలు.

షరతు ఒక్కటే. ఎవరి ఉత్తరం వాళ్ళే, సొంత మాటల్లో, సొంత చేత్తో రాయాలి. ఒకే మాటలతో వంద వచ్చినా శాఖవారు ఒక్కటిగానే లెక్కపెడతారట. ఇప్పటికి అరవై ఒకటి వచ్చాయి. ఒకాయన ఏరియల్ కట్టడం గురించి పదిహేను పేజీలు రాశాడు, బొమ్మలతో సహా. ఇంకొకాయన సగం ఉత్తరం భార్య మీద ఫిర్యాదే. దాన్ని వెనక్కి పంపాను, ఆవిడ చదివినా చదవచ్చని.

మీరూ ఒకటి రాయాలి. గాల్లో అడగచ్చు గానీ, అక్కడ వాతావరణం, ఏరియల్, రొద, కాస్త వేళాకోళం తప్ప వేరే మాట్లాడకూడదని మన పద్ధతి. నలుగురూ వినే చోటు. అందుకే ఈ కాగితం.

మీ ఆరున్నర నేస్తం,
నర్సమ్మ


మోటార్ల షాపు, మేడమీద,
జూన్ 11

నర్సమ్మగారికి,

ఉత్తరం అందింది. సంఘంవాళ్ళు అచ్చువేసిన కాగితం మా వీధి రేడియో షాపులో ఇస్తున్నారు. దాని మీద సంతకం పెట్టి పంపుతున్నాను. అది చాలు.

సొంత మాటలు నా దగ్గర లేవు. మూడో తరగతితో బడి మానేశాను. కాలిపోయిన మోటార్లకి తీగ చుట్టి బతికాను. ఓడలో వైర్లెస్ చేసి దిగిపోయిన ఒకాయన ఫ్యాను బాగుచేయించుకోవడానికి వచ్చి, కూర్చుని, బల్ల మీద వేలితో కొడుతూ నాకు కీ భాష నేర్పాడు. నాకు అక్షరం శబ్దం ముందు తెలిసింది. ఆకారం తర్వాత తెలిసింది. కొన్నిటి ఆకారం ఇప్పటికీ అనుమానమే.

ఈ కాగితం రాయడానికి పొద్దున్నుంచీ కూర్చున్నాను. కోడలు రెండుసార్లు తొంగి చూసింది. "ఏంటి మామయ్యా, వీలునామా రాస్తున్నారా?" అంది. "అందులో నీ పేరు లేదులే, పో" అన్నాను. నవ్వుకుంటూ పోయింది.

ఫోన్ చేసి అడగొద్దు. షాపు రొదలో నా చెవులు పోయాయి. మనుషుల మాట ముద్దగా వినపడుతుంది. కీ శబ్దం ఒక్కటే దారంలాగా సన్నగా, విడిగా వస్తుంది. ఆ బ్యాండు పోతే నాకేం పోతుందో మీకు తెలుసు. శాఖవాళ్ళకి చెప్పడం నా వల్ల కాదు.

మేస్త్రీ


సంఘం ఆఫీసు,
జూన్ 20

మేస్త్రీగారూ,

మీ అచ్చు కాగితం చింపేశాను. కోప్పడకండి. కోప్పడినా నష్టం లేదు, ఆరున్నరకి ఎలాగూ వస్తారు.

సొంత మాటలు లేవని రాసిన ఉత్తరంలోనే మీ సొంత మాటలు ఉన్నాయి. "దారంలాగా సన్నగా, విడిగా" అన్నది నేను మూడుసార్లు చదివాను. అదే శాఖకి రాయండి.

ఇంకొకటి కూడా కావాలి. ఇది ముఖ్యం. కంపెనీ వకీలు ఏమంటున్నాడో తెలుసా? ఎవరు ఎంత వినపడ్డారో మనవాళ్ళు మార్కులు రాసుకునే లాగ్ పుస్తకాలు చెత్తబుట్టలో వేయడానికే పనికొస్తాయట. ఎవరు ఎవరితో మాట్లాడినా "ఐదు తొమ్మిది తొమ్మిది" అని పూర్తి మార్కులు వేసేసుకుంటారట. ఒక్క ముక్క వినపడకపోయినా అంతేనట. కాబట్టి ఆ పుస్తకాలు చూసి బ్యాండు పనిచేస్తోందని ఎవరూ అనుకోకూడదట.

ఏమని తిప్పికొట్టను? నిజమే కదా! పెళ్ళికొచ్చినవాళ్ళందరికీ పన్నీరు చల్లినట్టు మనవాళ్ళు మార్కులు చల్లేస్తారు. అబద్ధం చెప్పని పుస్తకం సంఘం మొత్తానికి ఒక్కటే ఉంది. మీది. అధ్యక్షుడుగారికే "మూడు నాలుగు తొమ్మిది, మీ ఏరియల్ దండెంలా ఉంది, బట్టలు ఆరేసుకోండి" అని పంపినవారు మీరు. ఆయన ఏడాది పాటు మీ ఫ్రీక్వెన్సీ పక్కకి రాలేదు. నిన్న ఆయనే ఆఫీసులో బల్ల గుద్ది చెప్పాడు, "ఆ మొండి మేస్త్రీ పుస్తకం తెప్పించండి, దాన్ని కాదనేవాడు పుట్టలేదు" అని.

పుస్తకాలన్నీ కట్టకట్టి పంపండి. మళ్ళీ భద్రంగా మీకు చేరుస్తాను.

నర్సమ్మ


మోటార్ల షాపు, మేడమీద,
జూలై 7

నర్సమ్మగారికి,

పుస్తకాలు ఎలకలు కొట్టేశాయి. మిగిలినవాటి మీద వాన కారింది. అక్షరాలు కలిసిపోయాయి. పనికిరావు.

వేరే ఎవరిదైనా తీసుకోండి. అధ్యక్షుడికి ఇప్పుడు నా పుస్తకం కావాల్సొచ్చిందా? అప్పుడు నా మాట చేదు. ఇప్పుడు తీపి.

షాపులో పని ఎక్కువగా ఉంది. నీళ్ళ పంపులు నాలుగు వచ్చాయి, నాలుగూ కాలినవే. మా వాడు చుడతాడు గానీ వాడికి తీగ బిగువు తెలియదు. నేను పక్కన కూర్చోవాలి. రాయడానికి తీరదు.

మేస్త్రీ


సంఘం ఆఫీసు,
జూలై 22

మేస్త్రీగారికి,

ఎలకలు, వాన, నీళ్ళ పంపులు. మూడూ కలిసి ఒకే పుస్తకం మీదికి దండెత్తాయన్నమాట. ఆస్పత్రిలో మాత్రలు దిండు కింద దాచి "మింగేశానమ్మా" అనేవాళ్ళ ముఖాలు ముప్ఫై నాలుగేళ్ళు చూశాను. మీ ముఖం చూడకపోయినా ఆ ఉత్తరం ముఖం నాకు తెలిసింది.

మొన్న సాయంత్రం గాల్లో "ఎలకలు క్షేమమా?" అని వేళాకోళంగా పంపాను. మీరు అందిందన్న గుర్తుగా "ఆర్, ఆర్, చాలా సంతోషం, ఇక్కడా వాన" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మీరు వేళాకోళాన్ని పట్టించుకోవడం మానేసి చాలా కాలమైంది. ఒకప్పుడు ఇలా ఉండేవారు కాదు. నేను ఒకటంటే మీరు రెండు అనేవారు. ఇప్పుడు ఏం పంపినా "మొత్తం అందింది, చాలా సంతోషం". నా మాటలంటే విసుగొచ్చిందేమోనని అనుకోని రోజు లేదు. అయినా రేపు మళ్ళీ ఆరున్నరకి సెట్టు ముందు కూర్చుంటాను. ఇది మీకు రాయకూడదనుకున్నాను. రాసేశాను.

పుస్తకం సంగతి. ప్రతి సంభాషణా రెండు పుస్తకాల్లో ఉంటుంది. మీరు నాకు ఇచ్చిన మార్కు నా పుస్తకంలో "అందుకున్నది" అని ఉంటుంది, మీ పుస్తకంలో "పంపింది" అని ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి, రోజుకి రోజు సరిపోయాయని చూపిస్తే వకీలు నోరు మూతపడుతుంది. పంతొమ్మిదేళ్ళు, దాదాపు ఏడువేల సాయంత్రాలు. అలాంటి జంట సంఘంలో ఇంకొకటి లేదు. నా వంతు నేను నకలు రాసి సిద్ధంగా పెట్టాను.

ఆగస్టు పదిలోగా పంపండి. మీకు అహం అడ్డమొస్తే అధ్యక్షుడి కోసం పంపకండి. ఈ బ్యాండు పోతే ఆరున్నరకి నేనేం చేయాలో చెప్పండి. మీకు ఫోను వద్దు, ఉత్తరం వద్దు. మిగిలింది అదొక్కటే కదా.

నర్సమ్మ


మోటార్ల షాపు, మేడమీద,
ఆగస్టు 2

నర్సమ్మగారికి,

పుస్తకాలు ఏడు పంపుతున్నాను. ఎలకలు కొట్టలేదు. వాన కారలేదు.

మీ పుస్తకం, నా పుస్తకం సరిపోవు. మొదటి పదహారేళ్ళు సరిపోతాయి. తర్వాత మూడేళ్ళు సరిపోవు. మీ పుస్తకంలో నేను ఇచ్చింది ఐదు తొమ్మిది తొమ్మిది అని ఉంటుంది. అది నేను పంపిన మాట నిజం. నా పుస్తకంలో అదే రోజుకి రెండు రెండు తొమ్మిది అని ఉంటుంది. మూడు మూడు తొమ్మిది అని ఉంటుంది. కొన్ని రోజులు సున్నా పెట్టాను. పుస్తకంలో అబద్ధం రాయడానికి నా చెయ్యి రాలేదు.

మూడేళ్ళ కిందట ఉన్నట్టుండి మీ సిగ్నల్ పడిపోయింది. అప్పుడే మా ఎదుట కొత్త మేడ లేచింది. దాని లిఫ్టు, దాని దీపాలు, అన్నీ కలిపి రేడియోలో ఒకటే రొద. ఆ రొద కింద మీరు ఎక్కడో ఉండేవారు. ఆరున్నరకి మీ పిలుపు వచ్చేది, అది పట్టుకునేవాణ్ణి. తర్వాత ఒక మాట, అర మాట. మిగతాదంతా ఇసుక. మీరు ఆపగానే "ఆర్, మొత్తం అందింది, చాలా సంతోషం" అనేవాణ్ణి. ఏం అన్నారో తెలియదు. ఎలకల సంగతి ఇప్పుడు మీ ఉత్తరంలో చదివాకే తెలిసింది.

ఎందుకు చెప్పలేదంటారు. మనతో ఒక దర్జీ ఉండేవాడు, మీకు గుర్తుండాలి. ఆయనకి నేనే ముఖం మీద చెప్పాను. మీరు వినపడటం లేదు, ఊరికే కరెంటు దండగ అన్నాను. ఆ రోజు సెట్టు ఆపాడు. మళ్ళీ రాలేదు. నిజం చెప్పానని చాలా రోజులు గొప్పగా తిరిగాను. తర్వాత ఆయన చోట వింటే ఖాళీ. మీ చోటు కూడా అలా ఖాళీ అవుతుందని భయపడ్డాను. భయం అనే మాట రాయడం నాకు కష్టం. అయినా రాశాను.

శాఖకి ఉత్తరం కూడా రాశాను. సొంత మాటలే. పదకొండు కాగితాలు పాడుచేశాను. కింద పెట్టాను. తప్పులుంటే దిద్దొద్దు.

మేస్త్రీ


(జత చేసినది)

శాఖవారికి,

నేను మోటార్లకి తీగ చుట్టేవాణ్ణి. డెబ్భై నాలుగేళ్ళు. ముప్ఫై ఒక్క సంవత్సరాలుగా లైసెన్సు ఉంది. ఒక్కసారి కూడా గడువు దాటనివ్వలేదు.

నా పుస్తకాలు ఏడు వస్తున్నాయి. నర్సమ్మగారి పుస్తకంతో పోల్చి చూస్తే మూడేళ్ళు తేడా కనపడుతుంది. ఆవిడ తప్పు రాయలేదు. నేను ఆవిడకి తప్పు చెప్పాను, ఆవిడ నమ్మి రాసుకున్నారు. నా పుస్తకంలో ఉన్నది నిజం. మా మార్కుల్లో మొదటి అంకె మాట ఎంత తెలిసిందో, ఐదుకి. రెండోది ఎంత గట్టిగా వచ్చిందో, తొమ్మిదికి. మూడోది నాదం ఎంత శుభ్రంగా ఉందో. ఆవిడ నాదం ఎప్పుడూ తొమ్మిదే. అందులో అబద్ధం లేదు.

కంపెనీవాళ్ళు రొదలో ఏమీ వినపడదంటున్నారు. వాళ్ళు చెప్పింది సగం నిజం. రొద ఉంది. మేం చేసింది కాదు. దాన్ని ఆపమని మీకు మూడు అర్జీలు పెట్టాను. ఎవరూ రాలేదు.

వినపడదు కాబట్టి ఎవరూ వాడటం లేదు అంటున్నారు. అది అబద్ధం. పుస్తకం చూడండి. మూడేళ్ళలో నేను కూర్చోనిది నాలుగు సాయంత్రాలు. రెండు జ్వరం. ఒకటి కరెంటు లేదు. ఒకటి మనవరాలి పెళ్ళి. మిగతావన్నీ కూర్చున్నాను. వినపడని చోట వెయ్యి సాయంత్రాలు ఎందుకు కూర్చున్నావు అని అడుగుతారు. ఆవిడ అక్కడ ఉన్నారు కాబట్టి. వాడటం అంటే ఇదే అని నేను అనుకుంటున్నాను. మీరు వేరేగా అనుకుంటే పుస్తకాలు వెనక్కి పంపండి.

ఇట్లు,
మోటారు మేస్త్రీ


మూడో అంతస్తు, వీధివైపు గది,
సెప్టెంబరు 9

మేస్త్రీగారికి,

పైన రాసిన చోటు చూశారు కదా. ఇన్నాళ్ళూ ఆఫీసు చిరునామా ఎందుకు వేశానో ఇప్పుడు తెలుస్తుంది.

ఆగస్టు ఐదున మీ కట్ట అందింది. ఆరో తారీకు నుంచి నేను గాల్లోకి రావడం లేదు. మీరు రోజూ ఆరున్నరకి పిలుస్తున్నారు. వింటూనే ఉన్నాను. మీ ఇంటిమీద ఏరియల్ మంచిది, మీరు నాకు బాగా వినపడతారు. నిన్న పావుగంట పిలిచారు. కీ మీద చెయ్యి పెట్టి తీసేశాను.

మీ ఉత్తరం శాఖకి పంపాను. ఒక్క అక్షరం దిద్దలేదు. పంపకుండా దాచేద్దామని మూడు రోజులు అనుకున్న మాట కూడా చెబుతున్నాను. నేను సంఘానికి కార్యదర్శిని గనక పంపాను. ఇప్పుడు నా మాట చెబుతాను.

కొండవైపు ఇంట్లో, పెద్ద ఏరియల్ కింద, నేనూ మా అక్కా ఉండేవాళ్ళం. ఈ మూడేళ్ళూ మీరు నన్ను అక్కడే ఊహించుకుని ఉంటారు. మూడేళ్ళ కిందట ఫిబ్రవరి పద్ధెనిమిదో తారీకు పొద్దున అక్క పోయింది. బంధువులు వచ్చారు, మధ్యాహ్నానికి అన్నీ అయిపోయాయి, సాయంత్రానికి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. ఆరున్నరైంది. సెట్టు ముందు కూర్చున్నాను. వాతావరణం తప్ప మాట్లాడకూడదన్న పద్ధతి జీవితంలో ఒక్కసారి తప్పాను. పావుగంట పంపాను. ఆ పొద్దున నాకూ అక్కకీ మధ్య జరిగింది, అంతకుముందు ఎవరికీ చెప్పనిది, ఆ తర్వాత ఎవరికీ చెప్పనిది, మీకు చెప్పాను.

మీరు "ఆర్, మొత్తం అందింది, చాలా సంతోషం, ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉంది" అన్నారు.

ఆ రోజు మా ఏరియల్ స్తంభం సగానికి విరిగి తీగ నేలమీద ఉంది. గాలికి. అక్క పోయిన గాభరాలో నేను చూసుకోలేదు. తర్వాత బంధువులు ఇల్లు అమ్మేశారు, ఈ గదికి వచ్చాను. ఇక్కడ బాల్కనీ కమ్మీకి నాలుగు గజాల తీగ చుట్టుకున్నాను. ఆ తీగతో పక్క వీధి కూడా దాటలేనని నాకు తెలియదా? తెలుసు. మొదటిసారి లైసెన్సు పుచ్చుకున్నవాళ్ళకి కూడా తెలుసు. కానీ మీరు ఐదు తొమ్మిది తొమ్మిది అన్నారు. అధ్యక్షుడికి మూడు ఇచ్చిన మనిషి అన్నారు. నమ్మాను.

మూడేళ్ళు మిమ్మల్ని రాతిమనిషి అనుకున్నాను. చెవి మాత్రం ఉంది, అదే చాలని రోజూ వచ్చాను. ఇప్పుడు చెవీ లేదన్నారు. అయితే నేను ఇన్నాళ్ళూ ఎవరితో మాట్లాడాను?

సెప్టెంబరు ఇరవై నాలుగున విచారణ. మిమ్మల్ని రమ్మన్నారు, సమన్లు జతచేశాను. నా మోకాళ్ళు ఈ నెల రోజులుగా ఈ మెట్లే దిగనివ్వడం లేదు. అధ్యక్షుడుగారు వస్తారు.

నర్సమ్మ


మోటార్ల షాపు, మేడమీద,
సెప్టెంబరు 28

నర్సమ్మగారికి,

ఫిబ్రవరి పద్ధెనిమిది. పుస్తకాలు పంపేముందు ఆ మూడేళ్ళదీ నకలు రాసి పెట్టుకున్నాను, అందులో చూశాను. సున్నా అని ఉంది. పక్కన "చాలాసేపు పంపారు" అని రాసుకున్నాను. అంతే.

విచారణకి వెళ్ళాను. ఉతికిన చొక్కా వేసుకున్నాను. అధ్యక్షుడు నా పక్కన కూర్చున్నాడు, మాటలు నా చెవిలో గట్టిగా అరిచి చెప్పడానికి. మొదట అడిగాడు, "ఇప్పటికైనా నా ఏరియల్‌కి నాలుగు వేస్తావా?" అని. "చూసి చెబుతాను" అన్నాను.

కంపెనీ వకీలు నున్నగా ఉన్నాడు. నా పుస్తకం చేత్తో పైకెత్తాడు.

"పెద్దాయనా, మీరు అబద్ధాలు చెబుతారని మీరే రాశారు కదా?"

"ఒకావిడకి చెప్పాను. నీకు చెప్పలేదు."

"ఒకరికి చెప్పినవాళ్ళు అందరికీ చెప్పరని నమ్మకం ఏమిటి?"

"నమ్మొద్దు. నీకు నచ్చిన రోజు చెప్పు. ఆరున్నరకి వచ్చి నా పక్కన కూర్చో. నీకు ఎంత వినపడితే నాకూ అంతే అని రాస్తాను."

జనం నవ్వారట. అధ్యక్షుడు చెప్పాడు. తర్వాత మధ్యలో కూర్చున్న అధికారి ఒక ఆవిడ, కళ్ళజోడు తీసి, నన్ను అడిగింది. అధ్యక్షుడు అరిచి చెప్పేలోపే నాకు ఆవిడ పెదాలు చూసి తెలిసింది.

"నర్సమ్మగారు ఇప్పుడు గాల్లోకి వస్తున్నారా?"

"లేదండీ. నా పుస్తకం ఆవిడ చదివారు."

ఆ అధికారి ఏదో రాసుకుంది.

అది సంఘం పని. అయిపోయింది. ఇది నా పని.

మీరు ఎవరితో మాట్లాడారని అడిగారు. నాతోనే. అక్కడే కూర్చుని ఉన్నాను. అందలేదు. అందలేదని చెప్పాలి. మా గురువు మొదటి రోజు నేర్పింది అదే. అందకపోతే మళ్ళీ అడుగు, సిగ్గుపడకు, అందకుండా ఆర్ కొట్టినవాడు కీ ముట్టుకోవడానికి తగడు అన్నాడు. ముప్ఫై ఏళ్ళు అది అందరికీ చెప్పాను. ఒకావిడ అక్క పోయిన రోజున ఆర్ కొట్టాను. ఆకాశం నిర్మలంగా ఉందన్నాను.

తప్పు నాది. మిమ్మల్ని పోగొట్టుకోకూడదని మీరు చెప్పేది వినడం మానేశాను. ఇప్పుడు ఆలోచిస్తే ఇంత తెలివితక్కువ పని నేను కాలిన మోటారు విషయంలో కూడా చేయలేదు.

అక్క సంగతి మీరు ఉత్తరంలో రాయలేదు. రాయమని అడగను. గాల్లో పంపిన మాట గాల్లోనే అందుకోవాలి. మళ్ళీ పంపుతారా. మూడేళ్ళు ఆలస్యంగా అడుగుతున్నాను. రొద అలాగే ఉంది. మీ తీగ నాలుగు గజాలే. అందదు. అందలేదనే చెబుతాను. మళ్ళీ పంపండి అంటాను. నాకు వేరే పని లేదు. మోటార్లు మా వాడు చుట్టుకుంటాడు.

రోజూ పిలుస్తున్నాను. ఇంటికొచ్చాక ఈ నాలుగు రోజులూ కూడా పిలిచాను. కోడలు "మామయ్యా, ఎవరూ పలకనప్పుడు ఎందుకు ఆ టిక్కుటిక్కు?" అంటోంది. "నీకేం తెలుసు" అన్నాను. నాకు మాత్రం ఏం తెలుసు.

మేస్త్రీ


మూడో అంతస్తు, వీధివైపు గది,
అక్టోబరు 30

మేస్త్రీగారికి,

శాఖ నిర్ణయం నిన్న వచ్చింది. బ్యాండులో పై రెండు వంతులు కంపెనీకి వెళ్ళిపోయాయి. కింది మూడోవంతు మనకే ఉంచారు. ఉత్తరాలు మూడువందల ఎనభై రెండు వెళ్ళాయి. తీర్పులో ఒక్క ఉత్తరాన్నే ప్రస్తావించారు. ఏదో మీకు చెప్పొద్దని, మీకు ఇప్పటికే తలపొగరు ఎక్కువని అధ్యక్షుడుగారు అన్నారు.

పంతొమ్మిదేళ్ళుగా మనం కలుసుకున్న చోటు పోయిన వంతులో ఉంది. నవంబరు మొదటి తారీకు నుంచి అక్కడ నిలబడకూడదు. కిందికి రండి. కొత్త చోటు ఈ కాగితం వెనక అంకెల్లో రాశాను.

ఉత్తరానికి నెల పట్టింది, అవును. రోజూ మీరు పిలవడం విన్నాను. మొదట కోపంతో విన్నాను. తర్వాత, మీరు పిలిచి ఆగినప్పుడు, ఆ ఆగిన చోట మీరేం వింటున్నారో అని ఆలోచించాను. ఇసుక. మూడేళ్ళు అదే విన్నారు. అప్పుడు లేచి బాల్కనీలోకి వెళ్ళాను. పై అంతస్తు వాళ్ళని అడిగి, తీగని వాళ్ళ కమ్మీ మీదుగా డాబా దాకా పంపించాను. ఇంటివాడు "బట్టలకా అమ్మా?" అన్నాడు. అవునన్నాను. ఇప్పుడు పన్నెండు గజాలు. గొప్పేం కాదు.

ఆదివారం ఆరున్నరకి నేనే పిలుస్తాను. పద్ధతి రెండోసారి తప్పుతాను. అందకపోతే మాత్రం మర్యాద చేయకండి. ఇంకోసారి ఆర్ అని అబద్ధం చెబితే సెట్టు డాబా మీంచి కింద పడేస్తాను. పై అంతస్తు వాళ్ళు సాక్ష్యం.

నర్సమ్మ


మోటార్ల షాపు, మేడమీద,
నవంబరు, సోమవారం పొద్దున

నర్సమ్మగారికి,

ఇది మీకు చేరేసరికి మనం ఇంకా నాలుగైదు సార్లు కూర్చుని ఉంటాం. అయినా రాస్తున్నాను. నిన్నటిది కాగితం మీద కూడా ఉండాలి.

నిన్న మార్కు రెండు రెండు తొమ్మిది. మీకు పంపిందీ అదే, పుస్తకంలో రాసిందీ అదే. రెండు పుస్తకాలూ సరిపోతాయి.

ఏడు గంటల పది నిమిషాల దాకా ఉన్నాం. ముక్క ముక్కగా పదిహేడుసార్లు మళ్ళీ పంపమన్నాను. మీరు పదిహేడుసార్లూ పంపారు. ఎనిమిదోసారి ఒక అక్షరం తప్పు కొట్టి దిద్దుకున్నారు, అది వినపడింది. కోడలు గుమ్మంలో నిలబడి భోజనానికి పిలవకుండా వెళ్ళిపోయింది.

నాకు అందినవి ఇవి. ఇంతే అందాయి.

అక్క.
దువ్వెన.
జడ వేయమంది.
పని ఉంది.
తర్వాత అన్నాను.

"తర్వాత అన్నాను" మాత్రం మొత్తం వచ్చింది. ఒక్క చుక్క పోలేదు. దాని వెనక మీరు చాలాసేపు పంపారు. నాలుగు నిమిషాలు ఉంటుంది. అది అందలేదు. ఎదుటి మేడలో లిఫ్టు పైకీ కిందికీ తిరుగుతూనే ఉంది.

ఈ సాయంత్రం మొదటి నుంచి పంపొద్దు. అంతవరకు నా దగ్గర ఉంది. "తర్వాత అన్నాను" దగ్గర్నుంచి పంపండి. మెల్లగా పంపండి.

మేస్త్రీ